రెండో మేకు

బాబా ఇంటి మజ్లిస్‌లో, అంటే వచ్చిన మగవాళ్లంతా కూర్చుని కాఫీ తాగే పెద్ద హాల్లో, ఎదురు గోడకి నాలుగు మేకులూ మూడు ఫొటోలూ ఉండేవి. మొదటి మేకుకి ఒక నలుపు తెలుపు ఫొటో, మూడో మేకుకీ నాలుగో మేకుకీ రంగు ఫొటోలు. ముగ్గురూ యూనిఫాం వేసుకున్న పెద్ద ఆఫీసర్లే. రెండో మేకు మాత్రం ఖాళీ. నేను ఈ ఇంట్లో వంటకి చేరిన కొత్తలో, ఫొటో పడి అద్దం పగిలి ఉంటుంది, బాగు చేయించడానికి ఇచ్చి ఉంటారనుకున్నాను. ఏళ్లు గడిచాయి గానీ ఆ రిపేరు పూర్తి కాలేదు. నాకేమో ఖాళీ మేకు కనపడితే ఏదో ఒకటి తగిలించాలని చేతులు దురద పెడతాయి. ఒకరోజు ఆగలేక బాబా భార్యని, మా మేడంని, అడిగేశాను. ఆవిడ నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. చేతులు ఆపకుండానే, ఆ చోటు బాబాది అని చెప్పింది.

గల్ఫులో ఇళ్లల్లో పనిచేసే మేమంతా ఇంటి యజమానిని బాబా అనే పిలుస్తాం. మా బాబా బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో ఇల్లు కట్టుకుని, రిటైరై, మనవలతోనూ మల్లెచెట్లతోనూ కాలక్షేపం చేస్తున్న మనిషి. ఒకప్పుడు ఒక రక్షకదళానికి అధిపతి. ఏ దళమో రాయను. అన్నం పెట్టిన ఇంటి గుట్టు అంతమాత్రమైనా దాచాలి కదా. మిగతాదంతా ఎలాగూ చెప్పేస్తున్నాను.

ఆ దళం చరిత్ర నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వంటింట్లో, చింతపండు నానేలోపు, మేడం నోటంట ముక్కలు ముక్కలుగా విన్నాను. అందుకే నాకు తెలిసిన చరిత్రలో తేదీలు లేవు. తిండీ, బూట్లూ, కోపతాపాలూ మాత్రం పుష్కలంగా ఉన్నాయి. నలుపు తెలుపు ఫొటోలో ఉన్నాయన దళాన్ని మొదలుపెట్టినాయన. ఇంట్లో అందరూ ఆయన్ని పెద్ద సార్ అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. పగలు బ్యాంకులోనూ రేవులోనూ చేపల మార్కెట్లోనూ పని చేసుకునేవాళ్లని సాయంత్రాలు పోగుచేసి, ఇంకా తుపాకులు రాకముందు కర్రలతోనే కవాతు నేర్పించారట. బూటు మొహం చూడని జాలరి ఒకడు వస్తే, తను కింద కూర్చుని లేసులు ఎలా కట్టుకోవాలో చూపించారట. అప్పట్లో ఆయన తర్వాతి స్థానం మా బాబాది. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవారట. మూడో మేకు ఆయన కాలంలో కాగితాలు పెరిగాయి. సంతకం లేకుండా సబ్బుబిళ్ల కూడా కదిలేది కాదని మేడం చెప్పేది. నాలుగో ఆయన నవ్వు మొహం మనిషి. ఆయన హయాంలోనే జవాన్లకి వేడి వేడి భోజనం అమరింది. అందుకని మొత్తం చరిత్రలో నా ఓటు ఆయనకే.

పెద్ద సార్ తర్వాత కుర్చీ మా బాబాకి వచ్చింది. గొడవంతా అక్కడే. పెద్ద సార్ ఇక విశ్రాంతి తీసుకోవాలనీ, ఆయన స్థానంలో బాబా కూర్చోవాలనీ పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆ సంగతి బాబాకి ఒకరోజు ముందే తెలుసు. ఎవరికీ చెప్పకూడదన్నది కూడా ఆర్డరే. బాబా చెప్పలేదు. ఆ పూట ఇద్దరూ పక్కపక్కనే భోజనానికి కూర్చున్నారట. బాబాకి ముద్ద మింగుడుపడక మధ్యలోనే లేచిపోయారట. మర్నాడు కాగితం చేతికి వచ్చాక పెద్ద సార్ కుర్చీ గురించి ఒక్క మాట అనలేదు. "నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత ఈ ఇంటి గడప తొక్కలేదు.

పెద్ద సార్ ఉండేది మహూజ్‌లో, కూతురి ఫ్లాటులో. మా ఇంటి నుంచి కారులో బయల్దేరితే ఒక కునుకు తీసేలోపు చేరిపోవచ్చు. ఇంత చిన్న దేశంలో ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఎదురుపడకుండా ఉండడం మాటలు కాదు, దానికీ మిలటరీ ట్రైనింగు కావాలి. ఒక పెళ్లికి ఒకరు ముందుగా వెళ్తే ఇంకొకరు భోజనాలన్నీ అయ్యాక వెళ్లేవారట. బాబా రిటైరైనప్పుడు దళంవాళ్లు ఆయన ఫొటోని కూడా మంచి ఫ్రేము కట్టించి ఇచ్చారు. దాన్ని ఆయన గోడకి పెట్టనివ్వలేదు. గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశారు. పెద్ద సార్ నాతో మాట్లాడకుండా ఆయన పక్కన నేనెలా ఉండను అన్నారట మేడంతో. ఫొటో దగ్గర కూడా మొహమాటపడే మనిషిని నేను అప్పుడే చూశాను. ఆ పూట ఉల్లిపాయల వంక పెట్టుకుని నేనూ కాసేపు ఏడ్చాను.

పోయిన చలికాలం మూడో మేకు ఆయన ఈ పని నెత్తినేసుకున్నారు. వారం వారం మహూజ్ వెళ్లడం, టీ తాగడం, బాబా ఇంటికి ఒక్కసారి రమ్మని చెప్పడం, కాదనిపించుకుని తిరిగి రావడం. పై వారం మళ్లీ అదే. ఫైలు మీద సంతకం పడేదాకా బల్ల ముందు నుంచి కదలని రకం ఆయన. చివరికి పెద్ద సార్‌కే విసుగెత్తి, శుక్రవారం భోజనానికి వస్తాను, నువ్వు మాత్రం ఇక మా ఇంటికి రాకు అన్నారట.

ఆ కబురు అందిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఎవరి కాలూ ఒకచోట నిలవలేదు. బాబా వంటింట్లోకి రావడం మొదలుపెట్టారు. నా వంటింట్లోకి ఇంకొకరు వస్తే నాకు ఒళ్లు మండుతుంది, యజమాని అయినా సరే. మూతలు తీసి చూసేవారు, మళ్లీ పెట్టేవారు. పెద్ద సార్‌కి హమూర్ చేపంటే ప్రాణమని నాలుగుసార్లు చెప్పారు. మేడం మచ్బూస్ వండాలంది. అది వీళ్ల బిర్యానీ అనుకోండి. నేను మాత్రం హమూర్ దొరికినరోజు మా గోదావరి పులుసు పెట్టకపోతే ఆ చేప ఉసురు తగులుతుందన్నాను. కాసేపు వాదించుకున్నాక రెండూ చేద్దామనుకున్నాం. బాబా నన్ను పక్కకి పిలిచి, ఏ వంట బాగున్నా బాగోకపోయినా ఆయన మధ్యలో లేచి వెళ్లిపోకుండా ఉంటే చాలు అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు విసుగంతా పోయింది. దళానికంతటికీ ఆర్డర్లు వేసిన మనిషి, పరీక్ష రాయబోయే పిల్లాడిలా అయిపోయారు.

ఇక తోటపని తమ్ముడి సంగతి చెప్పాలి. జగిత్యాల దిక్కు మనిషి, పిల్లల తండ్రి. అంతకుముందు బిల్డింగు పనుల్లో ఉండి, క్యాంపు బతుకు పడక ఇక్కడికి మారాడు. మా ఇంటికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. బహ్రెయిన్‌లోనే ఉంటూ ఇంటికి ఫోను చేసినప్పుడు దుబాయిల మంచిగున్న అంటాడు. నన్ను అక్కా అంటాడు, నేను వడ్డించిన ప్రతిదాంట్లోనూ కారం తక్కువంటాడు. మల్లెచెట్లకి నీళ్లు పెట్టడం, మజ్లిస్‌లో దుమ్ము దులపడం అతని డ్యూటీ. గోడ మీద ఫొటోల కథ మాత్రం అతనికి తెలియదు. నా నోరు మూతపడి ఉండేది ఆ ఒక్క విషయంలోనే, అదే కొంప ముంచింది.

ఇక్కడివాళ్లు మల్లెపూలని రాజ్జీ అంటారు. మేడం చిన్నతనంలో ఆడవాళ్లు మనలాగే దండలు కట్టి జడలో పెట్టుకునేవారట. ఆ శుక్రవారం, గుమ్మంలోనే అతిథుల చేతికి ఇవ్వడానికి చిన్న చిన్న దండలు కట్టమంది. తమ్ముడు బుట్టెడు మొగ్గలు కోసుకొచ్చాడు. దారం చేతికి వస్తే నేను ఆగను. చిన్నవన్నీ అయ్యాక మిగిలిన పూలతో ఒక పొడుగాటి దండ కట్టి, మజ్లిస్‌లో బాగున్న చోట పెట్టు తమ్ముడూ అని అతని చేతికిచ్చి, పులుసు దగ్గరికి వెళ్లిపోయాను. బాగున్న చోటేదో అతనికే వదిలేశాను.

జుమా నమాజు అయ్యాక కార్లు వచ్చాయి. రిటైరైనా వాళ్లకి సీనియారిటీ పోదు. ముందు నాలుగో ఆయన వచ్చి నిలబడ్డారు, తర్వాత మూడో ఆయన, అందరికన్నా వెనక పెద్ద సార్. గుమ్మంలోంచి లోపలికి మాత్రం తిరగేసిన వరసలో వెళ్లారు. పెద్ద సార్ చేతికర్రతో, సన్నగా, నిటారుగా ఉన్నారు. బాబా ఎదురెళ్లి భుజం మీద ముద్దు పెట్టారు. పెద్ద సార్ పెట్టించుకున్నారు గానీ తిరిగి పెట్టలేదు. వంటింటి కిటికీలోంచి నేనూ మేడం ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నాం. లోపలికైతే వచ్చారు కదా అంది మేడం.

మామూలుగా మజ్లిస్‌లోకి నేను వెళ్లను. ఆ రోజు వంట నాది కాబట్టి కాఫీ నన్నే తెమ్మన్నారు బాబా. పళ్లెం పట్టుకుని గుమ్మం దాటాను. ఎదురు గోడ చూశాను.

మొదటి మేకుకున్న నలుపు తెలుపు ఫొటోకి నా పొడుగాటి మల్లెదండ వేలాడుతోంది. ఫ్రేముకి అటూ ఇటూ సరిసమానంగా, మా ఊళ్లో ఎవరి తాతకి వేసినా ఇంతకన్నా బాగా కుదరదు. చాలదన్నట్టు, గది మూల ఉండాల్సిన బుఖూర్ కుంపటిని తెచ్చి సరిగ్గా ఫొటో కింద పెట్టాడు. సాంబ్రాణి పొగలాగే సుగంధం గుప్పుగుప్పుమని పైకి లేస్తోంది. ఒక్క కొబ్బరిచిప్ప తక్కువ. ఆ ఫొటోలో ఉన్నాయన దాని ఎదురుగానే, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి చూస్తున్నారు.

మిగతా ముగ్గురికీ అందులో తప్పేమీ కనపడలేదు. పూలంటే గౌరవం, అంతే కదా వీళ్లకి. ఎంత అందంగా ఉందో అంటున్నారు మూడో ఆయన. నాలుగో ఆయన ఫోనులో ఫొటో తీసుకుని, నా దానికి ఎందుకు వేయలేదని సరదాగా అలిగారు. బతికున్న ఇంకొకాయనకి కూడా వేయమంటున్నారు బాబోయ్ అనుకున్నాను. పోనీలే, వీళ్లకి తెలియదు, భోజనాల సందట్లో మెల్లగా తీయించేద్దామని మనసు కుదుటపరుచుకుంటున్నాను. అప్పుడు పెద్ద సార్ నావైపు తిరిగి, శుభ్రమైన హిందీలో అడిగారు.

"నేనెప్పుడు పోయాను?"

వయసులో ఉన్నప్పుడు ఆయన ఇండియాలో కొన్నాళ్లు ట్రైనింగులో ఉన్నారన్న సంగతి నాకు మేడం చెప్పనే లేదు. మన గోడల మీద దండలు ఎవరికి వేస్తామో ఆ గదిలో నేను కాక తెలిసిన మనిషి ఆయనొక్కరే. బాబాకి అర్థంకాక అటూ ఇటూ చూశారు. పెద్ద సార్ అరబ్బీలో విడమరిచి చెప్పారు. హిందువులు ఫొటోకి పూలదండ వేశారంటే ఆ మనిషి చచ్చిపోయాడని అర్థం అన్నారు. నా భోజనానికి పిలిచావా, నా సంవత్సరీకానికి పిలిచావా అన్నారు.

బాబా మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్ద సార్ కర్ర మీంచి ఎడమ చెయ్యి తీసి, దాన్ని కుడి చేత్తో పట్టుకున్నారు. వెళ్లిపోయే మనుషులు అలాగే పట్టుకుంటారు. ఇన్నేళ్ల తర్వాత గడప దాటి వచ్చిన మనిషి, కాఫీ అయినా ముట్టకుండా నా మల్లెపూల మూలాన వెళ్లిపోతున్నారు. నాకు ఎక్కడిదో మొండి ధైర్యం వచ్చింది. పళ్లెం కింద పెట్టి, ఇది బాబా చేసింది కాదు, చేసినవాణ్ణి పిలుస్తానుండండి అని, కిటికీలోంచి తమ్ముణ్ణి కేకేశాను.

అతను చేతుల మట్టి తుడుచుకుంటూ వచ్చాడు. ఎదురుగా నిలబడ్డ ఆయన్నీ, గోడ మీద ఫొటోనీ చూసి, మళ్లీ ఆయన్నే చూశాడు. ముక్కు అదే, కనుబొమలు అవే. వెనక్కి జరిగి గుమ్మానికి ఆనుకున్నాడు. ఎందుకు చేశావురా ఈ పని అన్నాను తెలుగులో. అతనూ తెలుగులోనే, నాకే చెప్తున్నట్టు, తల దించుకుని చెప్పాడు.

"అక్కా, నాకేం తెల్సు? తక్కిన ఫొటోలు తుడువు అంటడు గని బాబా గీ ఫొటోను నన్ను ముట్టనియ్యడు. రోజు పొద్దుగాల తనే తుడుస్తడు. తుడిసి, గాడ్నే నిలబడి కండ్లు తుడుసుకుంటడు. మా దిక్కు పోయినోళ్ల కోసమే గట్ల ఏడుస్తరు. పండుగ పూట గింత పెద్దమనిషికి దండ లేకపోతె ఎట్ల అని ఏసిన."

ఏం చెప్పాడని పెద్ద సార్ నన్ను అడిగారు. నా అరబ్బీ వంటింటి అరబ్బీ, ఉప్పూ కారం వరకే సరిపోతుంది. అయినా బాబాకీ అర్థం కావాలని, అందులోనే ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. మిమ్మల్ని తలుచుకుని బాబా ఏడవడం చూసి, మీరు లేరనుకున్నాడు అన్నాను.

మూడో ఆయన తివాచీ మీది పువ్వుల్ని పరీక్షగా చూడసాగారు. పెద్ద సార్ బాబా వైపు తిరిగి, నిజమేనా అని అడిగారు.

బాబా గోడ మీది ఫొటోని చూస్తూ, "రోజూ కాదు" అన్నారు.

ముందు నాలుగో ఆయనకి నవ్వాగలేదు. తర్వాత పెద్ద సార్‌కి. ఆ సన్నటి మనిషిలో అంత నవ్వు ఎక్కడ దాగి ఉందో, కర్ర వదిలేసి పక్కనున్న దిండు పట్టుకుని కూలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. బాబా కూడా తుడుచుకున్నారు. లోపలి గుమ్మం దగ్గర మేడం తుడుచుకుంది. నేను కొంగు వెతుక్కున్నాను. తమ్ముడు ఒక్కడే ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియక, ఉద్యోగం ఉందా పోయిందా అక్కా అని నన్ను గుసగుసగా అడుగుతున్నాడు.

బతికున్నవాళ్లకి ఎక్కడ వేస్తారు మీరు అని పెద్ద సార్ నన్ను అడిగారు. మెడలో అన్నాను. అయితే వేయమనండి వాణ్ణి, బతికొచ్చాను కదా అన్నారు. తమ్ముడు స్టూలెక్కి దండ తీశాడు. కుంపటి నేను మూలకి జరిపేశాను. అతను దండని పెద్ద సార్ మెడలో వేసి, కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆయన రెక్క పట్టుకుని లేపి భుజం తట్టారు.

దండ వేసుకునే ఆయన గోడ దగ్గరికి వెళ్లారు. మూడోవాణ్ణీ నాలుగోవాణ్ణీ చూశారు. ఖాళీ మేకు మీద చూపుడువేలు పెట్టి, రెండోవాడు ఎక్కడ అన్నారు. బాబా జవాబు చెప్పే అవసరం రాలేదు. లోపలి గుమ్మంలో మేడం గుడ్డమూటతో సిద్ధంగా నిలబడి ఉంది. ఎప్పుడు వెళ్లి బీరువా మీంచి తీసుకొచ్చిందో నాకు తెలియదు. గుడ్డ విప్పితే లోపల నల్లమీసాలతో మా బాబా, ఒంటి నిండా యూనిఫాం, మొహం నిండా భయం.

తమ్ముడు మళ్లీ స్టూలెక్కాడు. మూడో ఆయన పక్కన నిలబడి ఎడమవైపు పైకి, కాదు కొంచెం కిందికి అంటూ, ఫ్రేములన్నీ ఒక గీత మీదికి వచ్చేదాకా అతన్ని దిగనివ్వలేదు. మిగిలిన మల్లెమొగ్గల బుట్ట వైపు తమ్ముడి చెయ్యి వెళ్లడం గమనించి, ఆ చెయ్యి దగ్గర పెట్టుకో అన్నాను. నాలుగు మేకులకీ నాలుగు ఫొటోలు వచ్చాయి. ఎప్పటిదో తలనొప్పి దిగిపోయినట్టయింది నాకు.

పెద్ద సార్ తన మెడలో దండ తీసి బాబా మెడలో వేశారు. వేసి, రెండు భుజాల మీదా ముద్దు పెట్టారు. వచ్చినప్పుడు పెట్టనిది కూడా కలిపి పెట్టినట్టున్నారు.

"ఒక్క మాట విను. ఈసారి నువ్వు పోయేటప్పుడైనా నాకు ముందు చెప్పి పో" అన్నారు.

బాబా నడుం వంగిన మనిషి. అలాంటి మనిషి మల్లెదండతో నిటారుగా నిలబడి, మడమలు కలిపి సెల్యూట్ చేశారు.

"పైనుంచి ఆర్డరు రాగానే మొదట మీకే చెప్తాను సార్."

పెద్ద సార్ తల ఊపి, ఆకలేస్తోంది, ఏం వండారు అన్నారు. నేను పులుసు, మచ్బూస్ తెచ్చి తివాచీ మీద పరిచిన గుడ్డ మీద పెట్టి, పెద్దవాళ్లు కదా అని ఒక్కొక్కరికీ విడిగా పళ్లేలు వేశాను. బాబా తన పళ్లెం వైపు చూడనే లేదు. పెద్ద సార్ పక్కన కూర్చుని, అడక్కుండానే ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టి, హమూర్ ముక్కకి ముల్లు తీసి ఆయన వైపుకి జరిపారు. బాబాకి వేసిన పళ్లెం నేను తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.